సుమయ్య రిపోర్టు

పినపాకలో పద్మావతమ్మ ఇంటి మేడమీది గదిలో కిరాయికుండే సుమయ్య, హైదరాబాద్ కంపెనీకి అక్కడినుంచే పని చేస్తుంది. రోజూ పొద్దున్నే మంచి చున్నీ వేసుకుని లాప్‌టాప్ ముందు కూర్చుంటుంది. కెమెరా ఆన్ చేయమని మాత్రం ఎవరూ అడగరు. ఆలోచిస్తున్నప్పుడు చెవి కమ్మను తిప్పుతూ ఉంటుంది. మూడు వారాలుగా ఆమెకు ఒకటే పని. యాప్ త్వరగా తెరుచుకోవాలంటే, తరచూ అడిగే వివరాలను మెమరీలో దాచే సాఫ్ట్‌వేర్లైన రెడిస్, మెమ్‌క్యాష్‌డ్‌లలో ఏది నయమో తేల్చాలి.

సోమవారం మీటింగ్‌లో ఆమె రిపోర్టు తెరవబోతుంటే, "అది పోయిన వారమే డిసైడ్ అయింది కదా, నీకెవరూ చెప్పలేదా?" అన్నాడు మేనేజర్. "పర్లేదు సర్" అంది సుమయ్య. కాల్ ముగిశాక కూడా హెడ్‌ఫోన్ తీయలేదు.

టీ తెచ్చిన పద్మావతమ్మ, "ఏంది బిడ్డా, గిట్ల కూసున్నవ్?" అంది. సుమయ్య జరిగింది చెప్పింది.

"మరి ఏది మంచిదని తేలింది?"

ఆ మాట ఇంతవరకు ఎవరూ అడగలేదు. సుమయ్య తన కుర్చీ ఆమెకిచ్చి, మంచం మీద కూర్చుంది.

"రెండూ జోరుగనే ఉరుకుతయి పెద్దమ్మా. కానీ కరెంటు పోతే మెమ్‌క్యాష్‌డ్ అంతా మర్చిపోతది. రెడిస్‌కు రాసి పెట్టుకోమని చెప్తే గుర్తుంచుకుంటది."

పద్మావతమ్మకు సగం కూడా అర్థం కాలేదు. అయినా టీ చల్లారిపోయేదాకా ఊఁ కొడుతూనే ఉంది. సుమయ్య రిపోర్టులోని ఒక్క పేజీ కూడా చెప్పకుండా వదల్లేదు.