ఎల్లారెడ్డిపేట దగ్గర ఎర్ర చుక్క

జగిత్యాలలో మా ఆఫీసు వెనక గదిలో మట్టి ఆరబెట్టేవాళ్లం. కోరుట్ల వైపు నల్లమట్టి, సిరిసిల్ల వైపు ఎర్రటి చెలకమట్టి పాత పేపర్ల మీద పక్కపక్కనే పరిచి ఉండేవి. మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ పడితే సన్నటి దుమ్ము తేలుతూ మెరిసేది. పొలాలన్నీ ఆ గదిలోకి వచ్చి కునుకు తీస్తున్నట్టు అనిపించేది నాకు.

నా పని మట్టి తవ్వడం కాదు. మట్టి, రాయి, బోరు నీళ్ల పరీక్షల అంకెలు ల్యాబు నుంచి వచ్చాక, ఏది ఏ చోటిదో సరిచూసి కంప్యూటర్లో మ్యాపు మీదికి ఎక్కించడం. ఒక్కో నమూనా ఒక్కో చుక్క. చుక్కలు పెరిగేకొద్దీ నేల మెల్లగా రంగు తేలేది. చూస్తూ చూస్తూ టీ చల్లారబెట్టుకునేదాన్ని.

ఒకరోజు ఎల్లారెడ్డిపేట దగ్గర ఒక చుక్క ఎర్రగా వచ్చింది. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ బాగా ఎక్కువ. పొరపాటేమోనని మళ్లీ నీళ్లు తెప్పించి చూశాం. అంతే వచ్చింది. ఆ బోరు వేసిన గులాబీ రంగు రాతిలోంచే అది నీళ్లలోకి ఊరుతోంది.

మ్యాపును అందరూ చూసేలా నెట్లో పెట్టాల్సిన సమయం అది. ఊరి మొత్తానికి సగటు చూపిస్తే చాలన్నారు మా సారు. ఏ చేనుకీ చెడ్డపేరు రాకూడదని ఆయన భయం. అందులో న్యాయం లేకపోలేదు. కానీ సగటులో కలిపితే ఆ ఎరుపు కనబడకుండా పోతుంది. ఆ చేను గలామెనే అడుగుదామని, సారుకు చెప్పి బస్సెక్కాను.

ఆమెది నా ఈడే. భర్త గల్ఫ్‌లో ఉంటే, కూతురితో చేను దగ్గరే ఉంటోంది. తాగేది ఆ బోరు నీళ్లే. ఆ నీళ్లు పళ్లకూ ఎముకలకూ మంచివి కావని చెప్పగానే పత్తి ఏరడం ఆపి, బోరు వైపు చూసింది.

"పండ్లు సక్కగ తోముకుంటలేదని పిల్లను తిడుతున్న మేడం. గార పట్టినయనుకున్న" అంది మెల్లగా.

చుక్క చూపించమంటారా వద్దా అని అడిగాను.

"మా నీళ్ల ముచ్చట మాకు చెప్పకుంటె ఇంకెవలకు చెప్తరు? పెట్టుండ్రి. పక్కపొంటి బోర్లున్నోళ్లు సుత చూస్కుంటరు. మా పేరు మాత్రం రాయకుండ్రి."

తిరిగి వచ్చి ఆ మాటలు ఉన్నదున్నట్టు సారుకు చెప్పాను. ఆయన మ్యాపు మళ్లీ తెరిపించి ఆ ఎరుపు చూశారు. తర్వాత, పేర్లు లేకుండా, ఒప్పుకున్నవాళ్ల చుక్కలు పెడదామన్నారు. ముందు ఎవరి ఫలితం వాళ్ల చేతికివ్వాలని కూడా అనుకున్నాం. ఆమె తాగడానికి నల్లా నీళ్లకు మారింది. చుట్టుపక్కలవాళ్లు సీసాల్లో బోరు నీళ్లు పట్టుకుని మా ఆఫీసుకు రాసాగారు.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం ఆమె భర్త గల్ఫ్ నుంచి ఫోన్ చేశాడు. భార్య పంపిన లింకు తెరిచి, డ్యూటీ దిగినప్పటి నుంచి మ్యాపే చూస్తున్నాడట. మన జాగ ఇన్ని రంగులల్ల ఉంటదని తెల్వదన్నాడు. వెనక ఎక్కడో ఏసీ హోరు వినిపిస్తోంది.

"మేడం, కొండగట్టు అంజన్న గుట్ట ఏ రంగుల ఉన్నది?" అని అడిగాడు.

నేనూ మ్యాపు తెరిచాను. ఆయన అక్కడి నుంచి, నేను ఇక్కడి నుంచి, మ్యాపును వేళ్లతో జరుపుకుంటూ, వాళ్ల ఎర్ర చుక్క నుంచి మెల్లగా ఉత్తరం వైపు బయల్దేరాం.