అక్క చూడని వంటిల్లు

మా అక్క పోయిందన్న కబురు నాకు ఢిల్లీలో, రాష్ట్రపతి భవన్ గేటు బయట అందింది. అక్క అంటే తోడబుట్టింది కాదు, నా యారాలు, మా ఆయన అన్న భార్య. లోపలికి ఫోన్లు పోనివ్వరని గేటు దగ్గర అప్పగించి వెళ్లాను. ఫోన్ తిరిగి చేతికి వచ్చేసరికి మా ఆయన ఎన్నోసార్లు చేసి ఉన్నాడు.

"వదిన పోయింది. పిండి కలుపుకుంట కలుపుకుంట పక్కకొరిగింది. దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయింది. నువ్వు జల్దీ రా," అన్నాడు.

నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇంకొక్క రోజు ఆగితే ఆమె సొమ్మేం పోయేది? ఆ కోపం మీకు అర్థం కావాలంటే నా కుళ్లు గురించి చెప్పాలి.

నారాయణఖేడ్‌లో మాది కిరాణా దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు. ఇంట్లో కన్నడం, దుకాణంలో తెలుగూ ఉర్దూ. మా అత్త పెట్టిన కట్టుబాటు ఒకటుండేది. కోడళ్లిద్దరూ ఒక్కసారే ఊరు దాటకూడదు. ఒకరు పోతే ఒకరు పొయ్యి దగ్గర ఉండాలి. పోయినామె తిరిగొచ్చాక, ఉన్నామెకు చూసిందంతా పూసగుచ్చినట్టు చెప్పాలి. అత్త పోయినా మేమిద్దరం ఆ కట్టుబాటు వదల్లేదు. అక్క రొట్టె తట్టేది, నేను కాల్చేదాన్ని, పోయొచ్చిన వాళ్ల కబుర్లన్నీ ఆ పొయ్యి దగ్గరే నడిచేవి.

ఒక ఏడు మా గల్లీ ఆడవాళ్లు బస్సు మాట్లాడుకుని కాశీకి బయల్దేరారు. అటు నుంచి ఢిల్లీ కూడా పోయి చూస్తామన్నారు. పెద్ద కోడలని అక్కను పంపారు. నాకు చిన్నప్పటి నుంచీ తెల్లదొరలు కట్టిన ఆ రాష్ట్రపతి భవన్ చూడాలని పిచ్చి. మా బడి గోడ మీద దాని బొమ్మ ఉండేది. ఆ పిచ్చి ఇంట్లో అందరికీ తెలుసు. అయినా పోయింది అక్క, పొయ్యి ఊదింది నేను.

కాశీ గురించి అక్క ఒక్క పూటలో చెప్పి ముగించింది. రాష్ట్రపతి భవన్ గురించి మాత్రం బతికినన్నాళ్లూ చెప్పింది. కల్హేర్ నుంచి సామాన్లకు వచ్చినవాళ్లకు చెప్పింది. బోరంచ పోచమ్మ గుడి దగ్గర వరసలో నిలబడి, ముందున్నామెకూ వెనకున్నామెకూ చెప్పింది.

"గుమ్మటం జూస్తే బోర్లించిన పెద్ద బగోనె లెక్కనే ఉంటది. ముంగట ఎర్ర కంకర పోసిండ్రు, నడుస్తుంటే పేలాలు నమిలినట్టే చప్పుడు. తెల్లదొర కూసున్న దర్బారుల మనం నిలవడ్డం సూడు!"

"నీకు యాడికి పోయినా వంట బగోన్లే కనిపిస్తయ్ అక్కా," అనేదాన్ని నేను, కడుపులో మండుతుంటే.

"మరి నీకేం కనిపిస్తయో పోయి జూడరాదు తంగీ," అనేది. తంగీ అంటే కన్నడంలో చెల్లెలు. ఎంత ప్రేమగా అనేదో, నాకు అంత ఒళ్లు మండేది. విని విని నాకు ఆ భవనం నోటికొచ్చేసింది. ఒకసారి అక్క తివాచీ పచ్చది అంటే, "ఎర్రది అన్నవ్ గదా మొన్న," అని దిద్దాను. దుకాణంలో ఉన్న సిర్గాపూర్ ముసలాయన పడీ పడీ నవ్వాడు. "పోయింది ఆమెనా, నువ్వా?" అన్నాడు. ఆ రోజు నేను అన్నం సరిగా తినలేదు.

అక్క కథలో ఒకే ఒక్క చిల్లు ఉండేది. అంత ఇల్లూ తిరిగి, చూపించే అతన్ని "భయ్యా, రసోయి కిధర్ హై?" అని వంటిల్లు ఎటో అడిగిందట. అతను నవ్వి, అది చూపించరని చెప్పాడట.

"గన్ని గదులు జూపిచ్చిండ్రు గని పొయ్యి జూపియ్యలే తంగీ. పొయ్యి జూడకుంటే ఇల్లు జూసినట్టేనా?" అని బాధపడేది. వంటిల్లు అంటే ఆమెకు అంత యావ. పక్కింట్లో పోపు వేస్తే చాలు, తడుతున్న రొట్టె మీద చెయ్యి ఆపి ముక్కు ఎగబీల్చేది. "ఏం పోపు తంగీ? ఇంగువ జర ఎక్కువైనట్టుంది గదా?" అనేది. నేను చెప్పేదాకా చెయ్యి కదిలేది కాదు.

నా కడుపుమంట ఎక్కువైనప్పుడల్లా ఆ చిల్లులో వేలు పెట్టేదాన్ని. "నేను పోతే వంటిల్లు జూసే ఒస్త," అనేదాన్ని.

"జూసి రా. నాకు జెప్పు. నేను జూడంది నువ్వొక్కటి జూసినా, ఇగ మల్ల ఢిల్లీ మాట ఎత్తను," అని నా చేతిలో చెయ్యేసింది. ఆ పందెం గెలవాలి. ఇన్నేళ్లూ నాకున్న కోరిక అదొక్కటే.

ఈ మధ్య మా చెల్లెలి కూతురికి ఢిల్లీలో ఉద్యోగం వచ్చింది. రమ్మని టికెట్ పంపింది. "ఈ పారి పొయ్యి నాది, నువ్వు పో," అని అక్క నా సంచిలో జొన్నరొట్టెలు కట్టిపెట్టింది. ఆటో దాకా వచ్చి, "వంటిల్లు!" అని గుర్తు చేసింది.

లోపల అడుగుపెట్టిన దగ్గర నుంచీ నాకు ఏడుపొక్కటే తక్కువ. గుమ్మటం బోర్లించిన బగోనెలాగే ఉంది. కంకర పేలాలు నమిలినట్టే చప్పుడు చేసింది. నా కళ్లతో నేను చూస్తున్నా, అన్నీ అక్క నమిలి పెట్టినట్టే ఉన్నాయి. ఆఖరికి నేనూ అడిగాను, "బేటీ, రసోయి కిధర్ హై?" అని. చూపించే పిల్ల నవ్వి, అది చూపించమంది.

మెట్ల వైపు తిరుగుతుంటే ఎక్కడో తలుపు తెరుచుకుని మూసుకుంది. ఆ కాస్త సందులోంచి పోపు వాసన వచ్చింది. జీలకర్ర, ఎండుమిర్చి, నెయ్యి. నేను అక్కడే నిలబడిపోయాను. "పెద్దమ్మా, ఏమైంది?" అని వెంట ఉన్న మా చెల్లెలి కూతురు కంగారుపడింది. ఏం కాలేదు, గెలిచాను! అక్కకు అందనిది నాకు అందింది. అంత పెద్ద ఇంట్లో కూడా ఎవరో పొయ్యి దగ్గరే ఉన్నారు. అక్కకు ఎలా చెప్పాలో బయటికొచ్చేదాకా అనుకుంటూనే ఉన్నాను. వెంటనే చెప్పను. రొట్టె తట్టడం మొదలుపెట్టాక, ఏమీ కానట్టు మాట కలుపుతాను. కుళ్లుకోవాలి, ఒక్కసారైనా నాలాగా కుళ్లుకోవాలి. అలా అనుకుంటూనే ఫోన్ తీసుకున్నాను.

మర్నాడు ఇల్లు చేరాను. మాలో పోయినవాళ్లను పడుకోబెట్టరు. నుదుట విభూతి పెట్టి, పూలు వేసి, కుర్చీలో కూర్చోబెడతారు. అక్క పట్టుచీర కట్టుకుని నిటారుగా కూర్చుని ఉంది. వచ్చినవాళ్లంతా వంగి వంగి దండం పెడుతున్నారు. నిజం చెప్తున్నాను, అప్పుడు కూడా నాకు కుళ్లు పుట్టింది. నన్ను దర్బారు చూడటానికి పంపి, దర్బారు తను పెట్టింది. ఈసారి పోయిన చోటి నుంచి తిరిగొచ్చి నాకేమీ చెప్పదు.

కానీ పోయొచ్చినదాన్ని నేనూ ఉన్నాను కదా. కట్టుబాటు కట్టుబాటే. పక్కన కూర్చుని, చెవి దగ్గర నోరు పెట్టాను. ఏదో మంత్రం చెప్తున్నాననుకుని అందరూ మాటలు ఆపేశారు.

"అక్కా, వంటిల్లు నాకూ జూపియ్యలే. గని పోపు వాసన ఒచ్చింది," అన్నాను.

ఆమె చేతి గోళ్ల సందుల్లో జొన్నపిండి ఇంకా ఉంది. నేను చాలాసేపు అలాగే వంగి ఉన్నాను. ఏం పోపు తంగీ అని అక్క అడగలేదు.