ఎడమ సీటులో ఎవరో కూర్చున్నారు

నా రెండు చేతులతో నేను చేసిన నిర్వాకాల్లో అన్నిటికంటే పెద్దదాన్ని ఇవాళ మీ ముందు పెడుతున్నాను. నవ్వుకోండి, అభ్యంతరం లేదు. కాకపోతే సగం దాకా చదివాక, మీ పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు ఒకసారి చూసుకుని మరీ నవ్వండి. నేను చూసుకోలేదు. దాని ఫలితమే ఈ కథ.

ఇది నాలుగేళ్ళ కిందటి సంగతి. అప్పటికి నేను కుర్రాణ్ణి. అరవై తొమ్మిదే. నాకు తెలియనిది లేదనుకునే వయసు.

అరకు నుంచి అనంతగిరి వైపు దిగే రోడ్డు పక్కన నా షెడ్డు. బళ్ళో నేను చదివింది ఐదో తరగతి. ఆపై చదువంతా గ్రీజు మరకల మాన్యువళ్ళలోనూ, బజ్జీలు కట్టిచ్చిన ఇంగ్లీషు పేపర్లలోనూ, అట్ట ఊడిన ఒక నిఘంటువులోనూ సాగింది. "సింహాచలం చదువుకోలేదు గాని మంచి పనివాడు" అంటారు జనం. ఆ "గాని" చెవిన పడితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. గాని ఏమిటి గాని? నలభై ఏళ్ళలో నా షెడ్డు నుంచి బాగుపడి వెళ్ళిన జీపు అదే జబ్బుతో తిరిగి వచ్చిన పాపాన పోలేదు. కొండ మీద తిరిగే జీపులన్నీ నా గుమ్మం ముందే వరస కట్టేవి. ఆ పేరు తప్ప నాకు వేరే ఆస్తి లేదు. ఆ పేరే గంగలో కలవబోయింది.

కలపడానికి వచ్చినవాడు సూరిబాబు. చోడవరం వైపు నుంచి వచ్చి ఇక్కడ మిరియాలూ కాఫీ గింజలూ కొనే వ్యాపారి. వాడికి విశాఖలో ఎవరో పెద్దాయన దగ్గర ఒక పాత స్పోర్ట్స్ కారు దొరికింది. ఎర్రటిది. రెండే తలుపులు, రెండే సీట్లు. నేలకు ఎంత దగ్గరగా ఉంటుందంటే, అందులో కూర్చుంటే రోడ్డు మీద మేకలు మనల్ని పైనుంచి కిందికి చూస్తాయి.

"తాతా, దీని ముసిలి మొకం పీకేసి కొత్త మొకం ఎట్టాల" అన్నాడు డాష్‌బోర్డు చూపించి.

"మీటర్లన్నీ శుభ్రంగా తిరుగుతున్నాయి కదరా!"

"గడియారాల కొట్టునాగ ఉంది. ఇప్పటి కార్లు సూడు, టీవీనాగ ఎలుగుతాయి."

వాడు అప్పటికే పాత సామాన్ల యార్డు నుంచి కొత్త డాష్‌బోర్డు తెచ్చేశాడు. అదే కంపెనీ, ఇరవై ఏళ్ళ తరవాతి కారుది. నల్లగా, నిగనిగలాడుతూ, నిండుకుండలో నీళ్ళలా ఉంది. వంగి చూస్తే నా మొహం కనిపించింది. కొంచెం ఆలస్యంగా కనిపించినట్టు అనిపించింది, కాని కళ్ళజోడు తప్పని సరిపెట్టుకున్నాను.

"ఏ బండిదిరా ఇది?"

"గుద్దీసిన బండిదే. ముందంతా బాగానే ఉందట తాతా. ఎడం పక్కే నుగ్గునుగ్గయిపోనాదట."

ఎడమ పక్క అంటే డ్రైవరు పక్కన కూర్చున్నవారి వైపు. ఆ మాట విన్నప్పుడు నేను స్పానరు వెతుక్కుంటున్నాను. మనిషికి ముఖ్యమైన మాటలన్నీ స్పానరు వెతుక్కునేటప్పుడే వినబడతాయి.

పనిలో దిగాను. కొత్తది మూడు వేళ్ళు వెడల్పు ఎక్కువ. అంచులు కోశాను. పాతది బయటికి రానని మొరాయించింది. దాన్ని హాక్సా బ్లేడుతో రెండు ముక్కలు చేశాను. అంటే, వెనక్కి వెళ్ళే దారిని నేనే కోసేసుకున్నాను. ఇక తీగలు. కొత్తదాని వెనక తీగలు గుత్తులు గుత్తులు. పాత కారులో వాటిలో సగానికి కూడా జత లేదు. కలిసినవి కలిపాను. కలవని వాటిలో కొన్నిటికి టేపు చుట్టాను, టేపు అయిపోయాక మిగతావాటిని అలాగే లోపలికి తోసేశాను.

"అయ్యేటి తాతా, ఏలాడతన్నాయి?" అంది రాహేలమ్మ. నా షెడ్డు పక్కనే ఆమె టీ కొట్టు. ఆదివారం చర్చికి వెళుతుంది, మిగతా ఆరు రోజులూ నన్ను వెక్కిరిస్తుంది.

"పెళ్ళికి పిలవని చుట్టాలు. అందరికీ పీట వేస్తామా?" అన్నాను.

ఇల్లు అలకగానే పండగ కాదు, డాష్‌బోర్డు బిగించగానే బండి కాదు. మా ఘాట్‌లో నిమ్మకాయ, మిరపకాయలు కట్టందే ఏ బండీ మలుపు తిరగదు. నాకు వాటి మీద నమ్మకం లేదు. కాని కట్టకపోతే బండివాడికి నా మీద నమ్మకం ఉండదు. మామూలుగా ముందు బంపరుకు దారంతో కడతాం. ఈ బండికి అలా కడితే మొదటి స్పీడు బ్రేకరు దగ్గరే కాయ పచ్చడైపోయింది. సూరిబాబు మొహం కూడా పచ్చడైపోయింది.

"అపశకునం తాతా!"

"అపశకునం కాదురా, ఎత్తు తక్కువ."

ఇంకో కాయను ఇనుప తీగకు గుచ్చి, డాష్‌బోర్డు కింద ఎడమ మూల, ఇనుప బద్దకు వేలాడదీశాను. ఊగకుండా చేతికందినదాంతో ఒక చుట్టు చుట్టి బిగించాను. ప్రతి శనివారం కొత్త కాయ కట్టాలని సూరిబాబు పట్టుబట్టాడు. సరేనన్నాను.

ఆ శనివారం పొద్దున కొండంతా పొగమంచు. రోడ్డు ఎక్కడుందో పాదాలకే తెలియాలి. కొత్త కాయతో బయలుదేరిన సూరిబాబు అరగంటలో తిరిగి వచ్చాడు. కారును నడిరోడ్డు మీదే వదిలేసి, నడుచుకుంటూ.

"తాతా. బండిలో ఎవులో ఉన్నారు."

"ఎక్కించుకున్నావేమో?"

"నాను ఎక్కించుకోనేదు. ఎక్కేసినారు."

వెళ్ళి చూశాను. తలుపులు తీసే ఉన్నాయి. లోపల నల్లటి అద్దంలో ఒక చిన్న ఎర్రబొమ్మ వెలుగుతోంది. కూర్చున్న మనిషి, ఛాతీ మీదుగా ఒక పట్టీ. పక్క సీటులో కూర్చున్నవారు బెల్టు పెట్టుకోలేదని దాని అర్థం. దాంతోపాటు టింగ్... టింగ్... అని ఒక మెత్తటి గంట. సీటు ఖాళీ. దాని ముందు అద్దం మీద మాత్రం ఊపిరి తగిలినట్టు ఆవిరి పట్టి ఉంది.

"బెల్టు నానే కట్టీసినాను తాతా, ఖాళీ సీటుకి. ఐనా ఊరుకోనేదు. మొండిదిలాగుంది."

మంగళవారం దాకా ఆ బొమ్మ ఆరలేదు. బుధవారం దానంతటదే ఆరిపోయింది. శనివారం మళ్ళీ వెలిగింది.

"శనివారం ఎక్కి బుధవారం దిగిపోతందా?" అంది రాహేలమ్మ. "ఏ సంతకెల్తందో కనుక్కో తాతా, నాకూ పనుంది."

నవ్వలేకపోయాను. ఎందుకంటే అప్పటికే సీటు ఊడదీసి చూశాను. కొత్త కార్లలో మనిషి బరువు తెలుసుకునే యంత్రం సీటు లోపల ఉంటుంది. ఈ పాత సీటులో స్పంజీ, కొబ్బరి పీచు తప్ప ఏమీ లేదు. తెలుసుకోవడానికి వీలే లేని సీటు, తన మీద ఎవరో కూర్చున్నారని చెబుతోంది. అప్పుడు గుర్తొచ్చింది, ఎడమ పక్కే నుగ్గునుగ్గయిన ఆ బండి. పెన్ను పట్టిన చేతికి ఇప్పుడు కూడా వెంట్రుకలు లేస్తున్నాయి, ఏం చేయమంటారు.

ఈలోగా కబురు కొండ దాటింది. జీపులు నా షెడ్డు ముందు ఆగడం మానేశాయి. ఆగకపోతే పోయె, షెడ్డు దగ్గరకు రాగానే హారను కొట్టుకుంటూ వేగం పెంచేవి. "అందులోంచి దిగి మన బండెక్కితేనో?" అని వాళ్ళ భయం. నలభై ఏళ్ళ వరస పది రోజుల్లో ఖాళీ. రోజంతా బల్ల మీద కూర్చుని నా పనిముట్లు నేనే తుడుచుకునేవాణ్ణి.

సూరిబాబు తెగేసి చెప్పాడు. "పాతది పెట్టీ తాతా. బేగి పెట్టీ. నేదంటే బండిక్కడే ఒగ్గీసి పోతాను."

"పాతది..." అని నసిగాను.

"ఏదది?"

ఒక ముక్క చూపించాను. రెండో ముక్క మీద రాహేలమ్మ కోడి గుడ్లు పొదుగుతోంది.

దారి ఒక్కటే. దయ్యం లేదని రుజువు చేయాలి. సోమవారం రాత్రి పదింటికి నేనొక్కణ్ణే కారు తీశాను. లైట్లు వేస్తే మంచు ఇంకా తెల్లబడిందే తప్ప రోడ్డు కనబడలేదు. పక్కన ఎర్రబొమ్మ. టింగ్... టింగ్... మొదటి మలుపు ఎడమకు తిరిగింది. బొమ్మ ఆరిపోయింది. హమ్మయ్య అనుకునేలోపు కుడి మలుపు. వెలిగింది. మళ్ళీ ఎడమ, ఆరింది. మళ్ళీ కుడి, వెలిగింది. పక్కన కూర్చున్న మనిషి మలుపులకు ఒరిగినట్టే ఒరుగుతోంది! ఇద్దరు మనుషులున్న బండిని నడుపుతున్నట్టు, నా చేతులు వాటంతటవే స్టీరింగును మెల్లగా తిప్పాయి. ఎందుకో తెలియదు గాని, గేరు మార్చేటప్పుడు మోచేయి తగులుతుందేమోనని దగ్గరికి లాక్కున్నాను. 

గాలికొండ మలుపు దగ్గర నా నోటివెంట వచ్చిన మాటను ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. "చలేస్తోందా అండీ? అద్దం ఎత్తమంటారా?" అన్నాను.

అవును. చదువుకోకపోయినా మంచి పనివాణ్ణి. దయ్యాన్ని కూడా "అండీ" అన్నాను.

తిరిగి వచ్చేసరికి నాలో శాస్త్రం చచ్చిపోయింది. పిచ్చి కుదిరింది, స్టీరింగు తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. "ఒక కాయ చాల్లేదు" అన్నాడు సూరిబాబు. "నిజమే" అన్నాను! రాహేలమ్మ దగ్గరున్న నిమ్మకాయలన్నీ పట్టుకొచ్చి, మొదటిదాని పక్కనే గుత్తిలా బిగించి కట్టాను. అంతే. అప్పటిదాకా మలుపుల్లోనైనా ఆరే బొమ్మ ఇక ఆరనే లేదు. గంట కూడా ఆగలేదు.

"కోపమొచ్చీసింది" అన్నాడు సూరిబాబు, నా వెనక దాక్కుని.

మర్నాడు పొద్దున సాగనంపే ఏర్పాటు చేశాను. జీపుల వాళ్ళంతా మంచులో దూరంగా నిలబడి చూస్తున్నారు, నీడల్లా. రాహేలమ్మ కొట్టు దగ్గర టూరిస్టులు కూడా ఆగారు. నేను ఎడమ తలుపు తీసి, తుండు భుజం మీద నుంచి దించి, ఖాళీ సీటు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"తమరు ఎవరో తెలియదు. ఆడమనిషైతే అమ్మా, మగమనిషైతే బాబూ. తప్పు నాది. తమరి డాష్‌బోర్డు అని తెలియక కోశాను. ఇక్కడితో దిగండి. ఇంకాసేపట్లో బస్సు ఉంది."

టింగ్... టింగ్...

"బస్సు వద్దంటే బొర్రా నుంచి రైలుంది."

టింగ్.

జీపుల వాళ్ళలో ఒకడు దండం పెట్టాడు. అప్పుడు మంచులోంచి రాహేలమ్మ విసవిసా వచ్చింది. "నీ సాగనంపుడు తరవాత తాతా. అక్కడ నలుగురు నిమ్మకాయ టీ అడిగి నిలబడ్డారు. నా కాయలన్నీ నువ్వే పట్టుకొచ్చీసినావు" అంటూ కారులో తల దూర్చి, గుత్తి పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

బొమ్మ ఆరిపోయింది. గంట ఆగింది.

రాహేలమ్మ బొమ్మ వైపు చూసింది. చేతిలో గుత్తి వైపు చూసింది. గుత్తిని మళ్ళీ యథాస్థానంలో ఆనించింది. టింగ్.

"ఎక్కింది" అంది. తీసింది. "దిగింది." మళ్ళీ పెట్టింది. "ఎక్కింది. ఏటి తాతా ఇది? నిమ్మకాయేటి, బెల్టు పెట్టుకోడమేటి?"

వంగి చూశాను. నిమ్మకాయ ఊగకుండా నేను చుట్టిన "చేతికందినది" ఏమిటో అప్పుడు చూశాను. పెళ్ళికి పిలవని చుట్టం! కొసకు టేపు కూడా చుట్టని ఆ తీగ పక్క సీటు తీగే. మనిషి కూర్చుంటే సీటులో యంత్రం ఆ తీగకు కాస్త కరెంటు దారి ఇస్తుంది, అదే కబురు. ఇక్కడ యంత్రం లేదు, దాని బదులు పుల్లటి రసం నిండిన కాయ ఉంది. ఒక పక్క ఇనుప బద్ద, ఇంకో పక్క ఆ తీగ, మధ్యలో రసం. శనివారం తాజా కాయ కడితే మనిషి కూర్చునేవాడు. బుధవారానికి కాయ ఎండితే దిగిపోయేవాడు. ఎడమ మలుపులో కాయ ఊగి తీగ వదులైతే ఒరిగేవాడు. దయ్యాన్ని తరమడానికి కట్టిన కాయే దయ్యం. దిక్కులేని తీగకు నిమ్మకాయే దిక్కు!

నా ఒంట్లో శాస్త్రం లేచి కూర్చుంది. గుత్తిని పైకెత్తి జనానికి చూపించి, గట్టిగా అరిచాను. "చూశారా! ఉన్నదంతా ఈ నిమ్మకాయలోనే ఉంది!"

జీపుల వాళ్ళలో పెద్దవాడు ముందుకు వచ్చి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

"ఓరి నాయనో! తాత దాన్ని నిమ్మకాయలోకి దించీసినాడ్రా!"

"దించడం కాదురా! సర్క్యూట్! పులుపు! తీగ!" అని మొత్తుకున్నాను. నేలమీద బొగ్గుతో బొమ్మ గీసి మరీ చెప్పాను. చెబుతున్నంతసేపూ వాళ్ళు భక్తిగా తలలూపారు. చివర్న పెద్దవాడు నా చెవి దగ్గరకు వంగి, "చాలు తాతా. మంత్రం అందరి ముందూ సెప్పకూడదు" అన్నాడు.

మర్నాడే వరస తిరిగి వచ్చింది. అంతకు రెండింతలు. సీలేరు నుంచి జీపులు, అడ్డతీగల నుంచి వ్యాన్లు. ఒకడికి హారను దానంతటదే మోగుతుంది, ఒకడికి వైపరు వాన లేకుండా ఊగుతుంది. నేను స్క్రూడ్రైవరు తీస్తాను, వాళ్ళు చెప్పులు విప్పుతారు. తీగ సరిచేసి ఇదీ సంగతి అని చూపిస్తే, "తమరు ఏటి సెప్తే అదే" అంటారు. ఇప్పుడు కొండ మీద మాట ఏమిటో తెలుసా? "సింహాచలం తాతకి మెకానిక్కు పని అంతంతమాత్రం గాని, భూతవైద్యం మాత్రం గొప్పగా సేత్తాడు." మళ్ళీ "గాని"! నలభై ఏళ్ళు ఇంజన్లకు ధారపోసినవాణ్ణి!

కాబట్టి మంచు నిండిన ఈ ఘాట్ సాక్షిగా, డెబ్బై మూడేళ్ళ ఈ ముసలివాడు చేస్తున్న ప్రమాణం: ఈ జన్మలో పాత బండికి కొత్త మొహం అతికించను. ఏ తీగ ఎవరిదో తెలుసుకోనిదే దాంతో దేన్నీ కట్టను. ఖాళీ సీటును బస్సెక్కమని బతిమాలను. దీనికి బదులుగా మిమ్మల్ని కోరేది ఒక్కటే. ఇదంతా చదివాక మీ బండిలో ఏ చిన్న తేడా వచ్చినా నా షెడ్డుకే రండి. కాని దయచేసి, చెప్పులు వేసుకునే రండి.