డాక్టరుగారి సొరపన్ను

పళ్ళ డాక్టరుగారికి ఉన్న పిచ్చి ఒక్కటే. ఎవరు నోరు తెరిచినా, ముందు తన సొరచేప పన్ను చూపించనిదే పని మొదలెట్టరు.

ఇప్పటి సొరచేపది కాదు లెండి. లక్షల ఏళ్ళ కిందటే వంశం అంతరించిపోయిన రాకాసి సొరది. రాయిగా మారిన ఆ పన్ను అరచేయంత ఉంటుంది.

"చూశారా? ఒక్క పిప్పి లేదు! మీరేమో ఉన్న ముప్ఫై రెండూ కాపాడుకోలేకపోయారు" అని దెప్పేవారు. నోట్లో దూది కుక్కుకున్న మనిషి ఏం జవాబు చెబుతాడు పాపం?

అంతటితో ఊరుకున్నా బాగుండును. దాన్ని పేషెంటు చేతిలో పెట్టి, "జాగ్రత్త! ప్రపంచంలో మళ్ళీ దొరకదు. పడిందో, నా ప్రాణం పోయినట్టే!" అని హడలగొట్టేవారు. ఓ లాయరుగారైతే దాన్ని పసిబిడ్డలా గుండెకు హత్తుకుని గేటు దాకా వెళ్ళిపోయారు.

"వాళ్ళు నొప్పితో చస్తుంటే మధ్యలో మీ సొర గోలేమిటండీ?" అని నర్సమ్మ రోజూ సణిగేది. చిరాకుతో ఆ పన్ను ముట్టనని ఒట్టు కూడా పెట్టుకుంది.

"నీకు శాస్త్రమంటే గౌరవం లేదమ్మా" అనేవారాయన.

తీరా చూస్తే, అందరికీ ధైర్యం చెప్పే నర్సమ్మకే పన్ను పీకించుకోవాలంటే చచ్చేంత భయం. జ్ఞానదంతం సలుపుతున్నా కిక్కురుమనకుండా తిరిగింది. చివరికి బుగ్గ బంతిలా వాచి, జ్వరం కూడా తగులుకుంది. ఇంకా నాన్చితే ప్రాణం మీదికొస్తుందని ఆవిడకీ తెలుసు.

"కూర్చో" అన్నారు డాక్టరుగారు.

"రేపు చూద్దాం లెండి."

"ముందు ఇది పట్టుకో. గీత పడిందా, ఊరుకోను!"

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. అయినా రెండు చేతులా పట్టుకుంది. వదిలితే పడుతుందేమో, నొక్కితే విరుగుతుందేమో! మత్తు సూది ఎప్పుడు గుచ్చారో కూడా గమనించలేదు.

"ఇంకెప్పుడు పీకుతారండీ? చేతులు లాగేస్తున్నాయి" అంది, నోరు సరిగ్గా తిరక్కపోయినా.

"పీకేశానుగా!" అని ట్రే చూపించారాయన.

ఆ ఆశ్చర్యంలో పట్టు సడలింది. సొరపన్ను కాస్తా నేలమీద పడి రెండు ముక్కలైంది. నర్సమ్మ కుర్చీలోంచి దిగ్గున లేచింది.

ఆయన తాపీగా ముక్కలు ఏరి, సొరుగులోంచి జిగురు తీశారు. అప్పుడు చూసింది ఆవిడ, పన్ను నిండా పాత అతుకులే.

"ఇది లాయరుగారు. ఇది టీచరుగారు. నువ్వు సామాన్లు కడగడానికి వెళ్ళినప్పుడు పడేశారు" అన్నారు.

"మరి ప్రాణం పోతుందన్నారు?"

"అలా అనకపోతే నొప్పి సంగతి మర్చిపోతారా?"

ఇన్నాళ్ళూ ఈయన్నేనా తను సాధించుకు తిన్నది అనుకుంటే, నర్సమ్మకి ఆయన మీద ఎక్కడలేని అభిమానం పొంగుకొచ్చింది.

వారం తిరక్కుండా ఓ పెద్దాయన వణుకుతూ కుర్చీలో కూర్చున్నాడు. డాక్టరుగారు ఇంకా చేతులు కడుక్కుంటున్నారు.

"ముందు ఇది పట్టుకోండి" అంది నర్సమ్మ. "జాగ్రత్త! ప్రపంచంలో మళ్ళీ దొరకదు."