హోం పేజీలో మరియమ్మ చేతులు

నల్లపాడు దగ్గర కోల్డ్ స్టోరేజీలో వెబ్‌సైట్ చూసుకోవడం నా ఉద్యోగం. రోజూ మిర్చి ధరలు మారుస్తాను, ఫొటోలు ఎక్కిస్తాను. హోం పేజీ మీద ఎర్రటి కాయల మధ్య తొడిమలు తీస్తున్న రెండు చేతులుంటాయి. అవి మా కూలీ మరియమ్మవి.

పోయిన వేసవిలో ఆమె చనిపోయింది. కూతురు సునీత మా ఆఫీసుకు వచ్చింది.

"అమ్మ నవ్వుతా దిగింది మీ సైట్ కోసం తీసిన ఆ ఒక్క ఫొటోనేనండి. ఫ్రేము కట్టించుకుంటాం, ఇస్తారా?"

పేజీలో పట్టడానికి చేతుల వరకే కత్తిరించినా, అసలు ఫొటో సైట్‌లో ఫొటోలు దాచే లైబ్రరీలో ఉంటుందన్న ధీమాతో సరేనన్నాను. ఎంత వెతికినా లేదు. నాకు ముందు పనిచేసినతను ముఖం కోసేశాకే ఎక్కించాడు.

"చేతులు మాత్రమే ఉన్నాయమ్మా" అన్నాను, ఆమె వైపు చూడలేక.

సునీత స్క్రీన్ దగ్గరకు జరిగి చూసింది. "అదే ప్రింటు తీయండి. మంట పుడుద్దని ఈ చేతులతో నా మొహం ఎప్పుడూ ముట్టుకునేది కాదు మా అమ్మ."

ప్రింటరు లోంచి వచ్చిన కాగితాన్ని రెండు చేతులా తీసుకుని చెంపకు ఆనించుకుంది.

ఆ ఫొటో పాతబడింది, మార్చమని ఓనరు గారు అడుగుతూనే ఉన్నారు. హోం పేజీ కొత్త ఫొటో తీసుకోవడం లేదండీ అని అబద్ధం చెబుతూనే ఉన్నాను.