బయటికి చూసే కొమ్ముపిట్ట

1983 ఏప్రిల్ 4, సోమవారం నాడు నన్ను భద్రాచలం అడవుల పనికి పంపారు. అప్పుడు నేను హైదరాబాదులో, బడులకు గోడపటాలు అచ్చువేసే ఒక సంస్థలో ఫొటోగ్రాఫర్‌ని. పదకొండేళ్ల సర్వీసు పూర్తయింది. హోదా గ్రేడ్ టూ. ఉత్తర్వులో ఒక్క వాక్యమే ఉంది: ఖమ్మం, భద్రాచలం సరిహద్దు అడవుల్లో తిరిగే పది పిట్టల ఫొటోలు పన్నెండు రోజుల్లో తెమ్మని.

ఎనిమిదో రోజుకు తొమ్మిది పిట్టలు అయ్యాయి. పదోది కొమ్ముపిట్ట. బూడిద రంగు, పొడుగు తోక, ముక్కు మీద చిన్న కొమ్ము. ఆడపిట్ట చెట్టు తొర్రలో దూరి, లోపలి నుంచి మట్టితో, రెట్టతో వాకిలి మూసుకుంటుంది. వేలు దూరేంత చీలిక మాత్రం ఉంచుకుంటుంది. పిల్లలు పెద్దవయ్యేదాకా బయటికి రాదు. మగపిట్ట రోజంతా పండ్లు తెచ్చి ఆ చీలికలోంచి అందిస్తుంది. అంటే ఆ చెట్టు పడిందా, లోపలున్న తల్లీ పిల్లలూ పోయినట్టే.

తొర్ర చూపించినది ముత్తయ్య. వాగు పక్క కోయగూడెం ఆయనది. తేనె కోసం చెట్లెక్కే మనిషి కాబట్టి ఏ తొర్రలో ఎవరున్నారో తెలుసు. ఆ తొర్ర ఉన్న నల్లమద్ది వాగు మీదికి వంగి ఉంది. దాని మొదలుకు, నీళ్ల వైపు, ఎక్కడానికి ఆయన కొట్టిన వెదురు మేకులున్నాయి.

"ఈ ఏడు తేనెకు ఎక్కనమ్మా. ఇంట్ల బాలింత ఉన్నది," అన్నాడు తొర్ర వైపు చూపిస్తూ.

12 నుంచి 14 వరకు మూడు రోజులు ఆకుపచ్చ గుడ్డ కట్టిన మాటులో కూర్చున్నాను. మగపిట్ట రోజుకు సగటున పదహారు సార్లు వచ్చింది. దానికి అరవై ఒక్క ఫ్రేములు ఖర్చయ్యాయి.

ఆఖరి రోజున తెలిసింది, ఆ వాగు పొడుగునా కూపు పడబోతున్నదని. కూపు అంటే ఆ ఏడు కలప కొట్టడానికి విడిచిన అడవి ముక్క. ముందు గార్డు చెట్లకు సుత్తితో ముద్ర వేస్తాడు, లిస్టు రాస్తాడు. తర్వాత కూలీలు ముద్ర ఉన్న చెట్లు నరుకుతారు. మర్నాడు భద్రాచలంలో రేంజ్ ఆఫీసరును కలిసి సంగతి చెప్పాను. ఆయన ఓపికగా విన్నారు. ముద్రలు ఇంకా పదిరోజులకు పడతాయనీ, ఆ చెట్టును వదిలేయిస్తాననీ అన్నారు. గార్డుకు చెట్టు చూపించడానికి ముత్తయ్య దొరకడు. మర్నాటి నుంచి ఆయన, భార్య బీడీలు చుట్టే తునికాకు పనికి దూరపు కల్లానికి పోతున్నారు. అందుకని ఒక ఫొటో పంపమన్నారు. దాన్ని చూసి గార్డు గుర్తుపడతాడు.

18న డార్క్‌రూములో పని మొదలుపెట్టాను. అరవై ఒక్క ఫ్రేములకూ కాంటాక్టు ప్రింటు తీశాను. అంటే ఫిల్ము ముక్కల్ని కాగితం మీద పరిచి, వాటంత సైజులోనే అచ్చు తీయడం. భూతద్దంతో చూసి తొమ్మిదింటికి ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టాను. అందులో ఒకటి ఎంచాను. మగపిట్ట ముక్కున పండుతో తొర్ర ముందు వాలి ఉంది. తొర్ర మరీ నల్లగా వస్తున్నదని, తీగ చివర అట్టముక్క కట్టి, ఎక్స్‌పోజరులో నాలుగు సెకన్లు అక్కడ నీడ పట్టాను. చీలిక కనబడింది.

మా ఆర్ట్ విభాగం పెద్ద ఒక నియమం పెట్టారు. పటంలో ప్రతి పిట్టా లోపలికి చూడాలి. బయటికి చూస్తే పిల్లల చూపు కూడా పటం దాటిపోతుందని ఆయన వాదన. కొమ్ముపిట్టకు ఇచ్చిన చోటు ఎడమ అంచున. నా పిట్ట ఎడమకే చూస్తున్నది. ఇలాంటప్పుడు మేము చేసే పని సులువు. ఫిల్ముకు ఒక ముఖం మెరుస్తుంది, ఒక ముఖం మసక. మామూలుగా మసక ముఖం కిందికి పెట్టి అచ్చు తీస్తాం. పైకి పెడితే బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. పదకొండేళ్లలో నేను ఎన్నిసార్లు అలా చేశానో లెక్క లేదు. నా దగ్గర లెక్క లేని విషయాలు తక్కువ.

ఫిల్ము తిప్పి మూడు ప్రింట్లు తీశాను. ఒకటి పటానికి, ఒకటి ముత్తయ్యకు ఇస్తానన్నది, ఒకటి రేంజ్ ఆఫీసరుకు. 21న రిజిస్టరు పోస్టులో పంపుతూ ఉత్తరంలో, వాగుకు ఎగువ ముఖంగా నిలబడితే చెట్టు ఫొటోలో ఉన్నట్టే కనబడుతుందని కూడా రాశాను. జాగ్రత్తగా రాశాననుకున్నాను.

అడవికోడి ఫొటోలు కదిలిపోయి వచ్చినందువల్ల మే 9న మళ్లీ వెళ్లాల్సి వచ్చింది. 10 పొద్దున కల్లానికి వెళ్లి ముత్తయ్యకు ఆయన ప్రింటు ఇచ్చాను. యాభై ఆకుల కట్టలు ఎండకు పరుస్తున్నవాడు చేతులు తుడుచుకుని అందుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"పిట్ట మనదేనమ్మా. చెట్టు మనది కాదు."

"అదే చెట్టు ముత్తయ్యా. తీసింది నేనే కదా."

"తీసినవు గని, వాగు గిటెట్ల వచ్చింది? గీ మేకులు నేను కొట్టినయే. నీళ్లు ఎడమకు, మేకులు ఎడమకు. గిండ్ల రెండూ కుడికున్నయి."

ఆయన భార్య సమ్మక్క కట్ట విడవకుండానే, "కల్లు తాగి కొట్టినవేమో. అక్క కెమెరా తాగదు గద," అన్నది. పక్కవాళ్లు నవ్వారు.

నేను నవ్వలేదు. ఫొటోను వెనక్కి తిప్పి ఎండకు పట్టాను. చెట్టు తన ఒడ్డుకు వచ్చింది. ఆ వాగుకు రెండు ఒడ్డుల మీదా నల్లమద్దులున్నాయి. ఇంచుమించు ఎదురెదురుగా, రెండూ నీళ్ల మీదికి వంగినవే, రెండింటికీ నీళ్ల వైపు తేనె మేకులున్నవే. మట్టితో మూసిన తొర్ర కింది నుంచి చూస్తే బెరడులో కలిసిపోతుంది. నేను చెప్పినట్టు ఎగువ ముఖంగా నిలబడి, నా ఫొటో పట్టుకుని చూసినవాడు ఏ చెట్టును వదిలి ఏ చెట్టుకు ముద్ర వేసి ఉంటాడో చెప్పడానికి అక్కడిదాకా పోనక్కర్లేదు.

అయినా పోయాం. కల్లం నుంచి బస్సులో కొంత, నడక కొంత. చేరేసరికి ఒంటిగంట. ఎగువకు చూస్తే ఎడమ ఒడ్డు చెట్టుకు 'నరకవద్దు' అని తారు పట్టీ వేసి ఉంది. కుడి ఒడ్డున, ముత్తయ్య మేకుల కింద, బెరడు చెక్కి సుత్తి ముద్ర వేసి ఉంది. మగపిట్ట అప్పుడే వచ్చి పండు అందించి పోయింది. గొడ్డళ్ల చప్పుడు దగ్గరలోనే వినిపిస్తున్నది.

కూలీల మేస్త్రీని అడిగాను. మర్నాడు పొద్దున్నే ఈ వరుస అన్నాడు. ఒక్కరోజు ఆగమన్నాను. "ముద్ర చూసి నరుకుడే మా పనమ్మా. నువ్వు చెప్తే ఆగెటట్లుంటే రేపు ఇంకొకరు చెప్తే నరుకుతం," అన్నాడు. తప్పు మాట కాదు.

ఫారెస్టరు రెండు కిలోమీటర్ల దూరంలో గుడారంలో ఉన్నాడు. గార్డు పైఅధికారి ఆయన. ప్రింటు, నా సంచిలో ఉన్న కాంటాక్టు ప్రింటు పక్కపక్కన పెట్టి, తిప్పింది నేనేననీ, గార్డు తప్పు ఏమీ లేదనీ చెప్పాను. భూతద్దం ఇస్తే రెండూ చూశాడు.

"అడవి మాకు తెల్వదని ఫొటో పంపితిరి. ఫొటోకే అడవి తెల్వదాయె," అన్నాడు.

ముత్తయ్య నేల చూశాడు. నేను అవునన్నాను.

కానీ ముద్ర ఊరికే చెరపడానికి వీల్లేదు. లిస్టులో రెండు వందల పన్నెండు చెట్లు. డిపోలో లెక్క రెండు వందల పన్నెండు తేలాలి. ఈ చెట్టు వదిలితే దీని బదులు ఒకటి పడాలి. ఇదే లావు, ఇదే రకం, అదే కూపు. అలాంటిది తారు పట్టీ ఉన్న ఎదుటి చెట్టు. "అండ్ల ఏమీ లేదని మీరు రాసియ్యండి. మార్పు నేను రాస్త," అన్నాడు.

అలాంటి సంతకం పెట్టాల్సి వస్తుందని నేను అనుకోలేదు. నేను ఒక్క ఫ్రేము కూడా తీయని చెట్టు అది. మూడుంపావు నుంచి అయిదున్నర దాకా దాని కింద బైనాక్యులర్లతో కూర్చున్నాను. ఒక్క పిట్ట కూడా దూరలేదు, బయటికి రాలేదు. ముత్తయ్య కొమ్మలదాకా ఎక్కి గొడ్డలి వెనకతట్టుతో కొట్టి విన్నాడు. "గట్టిదేనమ్మా. ఎవ్వలు లేరు. దీనికేం పాపం, నువ్వు తిప్పిన ఫొటోనే," అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, ఉన్నమాట చెప్పాడు. చీకటి పడకముందే సంతకం చేశాను.

మర్నాడు ఎనిమిదింటికి ఆ చెట్టు పడింది. లోపల ఏమీ లేదు. మొదలు మీద వలయాలు లెక్కపెట్టాను. ఎనభై ఆరు దాకా స్పష్టంగా ఉన్నాయి. ఆ తర్వాత గుండె దగ్గర కలిసిపోయాయి.

హైదరాబాదు వచ్చాక పటంలోని కొమ్ముపిట్టను అసలు ముఖంతో మార్చాలని ఆర్ట్ పెద్దను అడిగాను. నెగెటివు తిప్పితే పిట్టకేం నష్టమని ఆయన అన్నారు. పిట్టకు కాకపోవచ్చుననీ, ఆ పటం ఆ వాగు దగ్గరి బడికి కూడా పోతుందనీ, అక్కడి పిల్లలు ఆ చెట్టు కింద గొడ్లు కాస్తారనీ చెప్పాను. పిట్ట చోటు మార్చడానికి వీల్లేదు, చుట్టుపక్కల పిట్టల అచ్చు బ్లాకులు తయారయ్యాయి. మూడోరోజు ఆయనే ప్రూఫు తెచ్చి నా బల్ల మీద పెట్టి, "మీ పిట్ట మర్యాద తెలియనిది," అని వెళ్లిపోయారు.

జూన్ 26న ఆడపిట్ట గోడ పగలగొట్టుకుని బయటికి వచ్చిందని ముత్తయ్య చెప్పగా బడిపంతులు రాసిన కార్డు వచ్చింది. పిల్లలు రెండు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ప్రతి ప్రింటు వెనకా ఫ్రేము నంబరు పక్కన పెన్సిలుతో 'ఉన్నట్టు' అనో 'తిప్పినది' అనో రాశాను. డార్క్‌రూము దాటిన ఫొటోను ఎవరు దేనికి నమ్ముతారో తీసినవాళ్లకు తెలియదు. పిట్టను దిద్దితే దాని వెనకున్న ఒడ్డు కూడా మారుతుంది. నేను నేర్చుకున్నది ఇంతే.

ఆ పటం నా దగ్గర ఒక ప్రతి ఉంది. తొమ్మిది పిట్టలు లోపలికి చూస్తాయి. ఎడమ అంచున కొమ్ముపిట్ట ఒక్కటే బయటికి చూస్తుంది.