రెండో గరిటె

రిటైరు కావడానికి మూడేళ్ళ ముందు, ఒక చలికాలం మొదట్లో, నన్ను సిగ్నల్ ఇంజనీరుగా సౌదీలో జిజాన్ దగ్గర ఒక ఫ్యాక్టరీ రైలు దారి పనికి పంపారు. క్యాంపు నుంచి రేవు దాకా ఒంటి లైను. సిగ్నల్ కేబుళ్ళు ఇంకా రాలేదు. నడుమ గుట్ట మలుపులో వైర్‌లెస్ పలకదు. కంకర మోసే మోటారు ట్రాలీలు రెండు.

అందుకని పందొమ్మిదో శతాబ్దపు పద్ధతి ఒకటి బయటికి తీశాను. రైళ్ళు కొత్తగా వచ్చిన రోజుల్లో ఒంటి లైనుకు ఒక కర్ర ఉండేది. అది చేతిలో ఉన్న డ్రైవరే లైనెక్కాలి. కర్ర ఒక్కటే కాబట్టి ఎదురు బండి రాదు. దాన్ని టోకెన్ అంటాం. మా క్యాంపులో కర్రలు బోలెడు. ఒక్కటే ఉన్నది మెస్సులో అన్నం వడ్డించే పెద్ద స్టీలు గరిటె. అది తిరిగి రాకపోతే ఎవరికీ భోజనం ఉండదు కనుక ఎవరూ మరిచిపోరని నా ధీమా. గరిటె లేకుండా లైనెక్కినవాడి చుట్టీ, అంటే ఇంటికెళ్ళే సెలవు, రద్దని సేఫ్టీ మేనేజరు ప్రకటించాడు.

జగిత్యాల డ్రైవరు రాజన్నకు ఆ వారమే ఇంటి ప్రయాణం. మూడేళ్ళ తర్వాత దొరికిన చుట్టీ. వెళ్ళి తిరిగి రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ వీసా కూడా పడింది.

ఒక రోజు రెండో డ్రైవరు మల్లేశ్ గరిటె తీసుకుని తన ట్రాలీలో రేవుకు వెళ్ళాడు, నేనూ ఎక్కాను. మేము తిరిగి వస్తుంటే గుట్ట మలుపులో రాజన్న ట్రాలీ ఎదురొచ్చింది. ఇద్దరూ బ్రేకులు తొక్కారు. మధ్యలో ఒక మంచం పట్టేంత జాగా మిగిలింది.

"గరిటె లేకుండ ఎట్లొస్తివిరా?" అన్నాడు రాజన్న.

మల్లేశ్ గరిటె ఎత్తి చూపాడు. "అసలుది నా తాననే ఉన్నది. నీ చేతులది ఏందే అన్నా?"

"నీ దానికి ఒక్క మెతుకన్న ఉన్నదా? నాది సూడు, ఇప్పుడే అన్నం గంజులకెల్లి తీసిన."

మెస్సులో అన్నం గిన్నెలో గరిటె కనిపించగానే లైను ఖాళీ అనుకుని బయల్దేరాడన్నమాట. తన మాట తనకే వినిపించాక అతని ముఖం మారింది. "సార్, నా చుట్టీ పోయినట్టేనా?"

క్యాంపుకు తిరిగొచ్చి అడిగితే, వంట చూసే హైదరాబాదు ఖాదర్ ఏమీ దాచలేదు. "గరిటె రైలెక్కి తిరుగుతది, ఈడ అన్నం సల్లగైతది. అందరు నన్నే తిడ్తరు. నిన్న బజార్ల ఇంకోటి కొన్న. తప్పేంది సాబ్?"

మేనేజరు తన ఉత్తర్వు తానే మళ్ళీ మళ్ళీ చదువుకున్నాడు. గరిటె లేకుండా ఎక్కరాదని ఉంది. రాజన్న గరిటెతోనే ఎక్కాడు. చుట్టీ నిలిచింది. రెండో గరిటెను మాత్రం రాజన్న సామానులో సర్దించాను. "గరిటె ఇల్లు చేరింది సార్" అని జగిత్యాల నుంచి ఫోను వచ్చేదాకా ట్రాలీలను కదలనివ్వలేదు.

టోకెన్‌కు జత లేనంత వరకే దానికి విలువ. ఆ తర్వాత పనిచేసిన ప్రతి క్యాంపులోనూ లైను చూడబోయే ముందు వంటవాడిని పరిచయం చేసుకున్నాను.